భూమికి ఖాళీ గిట్టదు

గోదావరిఖనిలో ఒక కార్మికుడి ఇంటికి వెళ్లి, వాకిట్లో ఆడుకుంటున్న పిల్లాణ్ని "మీ నాయిన ఏడి?" అని అడిగితే "బాయికి పోయిండు" అంటాడు. కొత్తగా వెళ్లినవాళ్లు పొలం దగ్గరి బావి అనుకుంటారు. పిల్లవాడు చెప్పింది బొగ్గు గని గురించి. సింగరేణి ప్రాంతమంతటా గనిని బాయి అనే అంటారు. గనిలోకి వెళ్లడం బాయి దిగడం, గని పని బాయిపని.

పల్లెల నుంచి గని పనికి వచ్చిన తొలితరం వాళ్లకు భూమిలోకి దిగే గుంత అంటే తెలిసింది బావి ఒక్కటే. అందుకే ఆ పేరు పెట్టి ఉంటారు. ఎవరు పెట్టినా శాస్త్రం కళ్లతో చూస్తే ఆ పేరు చక్కగా అతికింది. బావి తవ్వేవాడికి ఎదురయ్యే చిక్కులే గని తవ్వేవాడికీ ఎదురవుతాయి. అవి మూడు. తవ్వేకొద్దీ గట్టు లోపలికి జారుతుంది. కొంత లోతుకి పోగానే నీళ్లు ఊరతాయి. ఇంకా పోతే ఊపిరాడదు. బావికి రాతికట్టు ఎందుకు కడతారు, నీళ్లు తోడిపోస్తూ ఎందుకు తవ్వుతారు, పాడుబడిన బావిలోకి దిగేముందు లాంతరు వెలిగించి తాడుతో ఎందుకు దించుతారు? ఈ మూడు ప్రశ్నలకి జవాబు తెలిసిన మనిషికి గని సగం అర్థమైనట్టే.

మూడింటి వెనకా ఉన్న సంగతి ఒకటే. భూమికి ఖాళీ గిట్టదు. ఎక్కడ ఖాళీ చేసినా పైనున్న బండ దిగి, చుట్టూ ఉన్న నీరు ఊరి, పగుళ్లలో దాగిన వాయువు పాకి, ఆ చోటుని నింపెయ్యాలని చూస్తాయి. బొగ్గు కొట్టడం గనిలో పావు వంతు పని. కొట్టాక మిగిలిన ఖాళీని మనిషి మసిలేట్టు నిలబెట్టడం ముప్పావు వంతు.

నల్లరాళ్ల ఆచూకీ

భద్రాచలం రాముడి దర్శనానికి పోతున్న యాత్రికులు దారి తప్పి ఇల్లెందు దగ్గర ఆగారట. వంటకి పొయ్యి పెడదామని చుట్టుపక్కల దొరికిన నల్లరాళ్లు పేర్చి నిప్పంటిస్తే కట్టెలతోపాటు రాళ్లూ మండాయట. సింగరేణిలో చెప్పుకునే కథ ఇది. రికార్డుల్లో ఉన్నది మాత్రం 1871. ఆ ఏడు భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని తేల్చాడు. 1886లో ఇంగ్లండులో హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఏర్పడి తవ్వకం హక్కులు తీసుకుంది. 1920 డిసెంబరు 23న అది సింగరేణి కాలరీస్ కంపెనీగా మారింది. ఇల్లెందు పక్కనున్న ఒక చిన్న ఊరి పేరు, గనులు గోదావరి దాటి బెల్లంపల్లి దాకా పాకినా, కంపెనీకి అలాగే నిలిచిపోయింది.

ఈ బొగ్గు పుట్టుక వెతుక్కుంటూ పోతే 25 నుంచి 30 కోట్ల ఏళ్లు వెనక్కి పోవాలి. అప్పట్లో మన నేల ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికాలతో కలిసి ఒకే మహాఖండంగా ఉండేది. దానికి శాస్త్రవేత్తలు పెట్టిన గోండ్వానా అనే పేరు గోండుల నేల నుంచి వచ్చిందే. ఇప్పుడు ప్రాణహిత, గోదావరి పారుతున్న ఈ లోయ అప్పుడు రెండు పక్కలా నేల పగిలి మధ్య భాగం మెల్లగా కుంగుతున్న చిత్తడి అడవి. గ్లాసాప్టెరిస్ అనే నాలుక ఆకారపు ఆకుల చెట్లు పెరిగి, పడి, నీళ్లలో మునిగిపోయేవి. నీటి అడుగున గాలి తగలక అవి పూర్తిగా కుళ్లలేదు. వాటి మీద ఏరులు ఇసుకను తెచ్చి పోశాయి. నేల ఇంకా కుంగింది, మళ్లీ అడవి పెరిగింది, మళ్లీ ఇసుక కప్పింది. అందుకే ఇక్కడ బొగ్గు ఒకే కుప్పగా ఉండదు. ఇసుకరాతి పొర, బొగ్గు పొర, మళ్లీ ఇసుకరాతి పొర, ఇలా దొంతర పేర్చినట్టు ఉంటుంది. ఏరులు తెచ్చిన ఒండ్రు బొగ్గులో కలిసిపోవడం వల్లే మన బొగ్గు కాల్చితే బూడిద అంత ఎక్కువ.

ఈ పొరలు సమంగా పరచుకుని లేవు. ఒక పక్కకి వాలి ఉంటాయి. వాలు పైకొస నేలను తాకిన చోట నల్లరాళ్లు కనబడతాయి. యాత్రికుల పొయ్యిలోకి చేరిన రాళ్లు అలాంటివే అయి ఉండాలి. ఆ కొసను పట్టుకుని వాలు వెంబడే దిగిపోయేట్టు ఏటవాలుగా తవ్విన దారిని ఇంక్లైన్ అంటారు. గోదావరిఖనిలో గనుల్నే ఆ పేరుతో, అంకెలతో పిలుస్తారు. ఎనిమిదో ఇంక్లైన్ పేరు మీద ఒక కాలనీయే ఉంది. పొర మరీ లోతున ఉంటే నిట్టనిలువుగా షాఫ్ట్ దించుతారు. చూపుకి బావిలా ఉండేది అదే.

కొస కనబడింది కదా అని తవ్వుకుంటూ పోరు. ముందు బోరు వేస్తారు. పొలాల్లో వేసే బోరు రాయిని పిండి చేసి పైకి చిమ్ముతుంది. ఈ బోరు మొనలో వజ్రపు పలుకులు పొదిగిన గుండ్రటి కంకణం ఉంటుంది. అది రాయిని చెరుకుగడ ముక్కల్లా కోసి, కోసినదాన్ని విరగకుండా పైకి తెస్తుంది. ఆ ముక్కల్ని లోతు ప్రకారం పెట్టెల్లో వరసగా పేరుస్తారు. ఎన్నో బోర్ల పెట్టెలు పక్కపక్కన పెట్టి చూస్తే బొగ్గు ఎంత మందాన ఉంది, ఎటు వాలింది, ఎక్కడ తెగి కిందికి జారింది అన్నది కాగితం మీదికి వస్తుంది. తవ్వకం అక్కణ్నించి మొదలవుతుంది.

బండ దిగుతుంది

ఒక ఘనపు మీటరు ఇసుకరాయి రమారమి రెండున్నర టన్నులు తూగుతుంది. 300 మీటర్ల లోతున, మనిషి మఠం వేసుకుని కూర్చునేంత చోటు, అంటే ఒక చదరపు మీటరు మీద, 750 టన్నుల బరువు ఉందన్నమాట. నూటయాభై ఏనుగులు ఒకదానిమీద ఒకటి ఎక్కినట్టు. మనం తవ్వకముందు ఆ బరువును బొగ్గే మోస్తోంది. సొరంగం చేశాక ఎవరు మోయాలి?

గుడిసెలో ఒక గుంజ తీసేస్తే దాని బరువు పక్క గుంజల మీద పడుతుంది. గనిలోనూ అంతే. సొరంగం మీది బరువు రెండు పక్కలా ఉన్న బొగ్గు గోడల మీదికి జరుగుతుంది. కాబట్టి గోడలు బరువును తట్టుకునేంత మందంగా ఉండాలి. దీన్ని బట్టి పుట్టిన పద్ధతే బోర్డ్ అండ్ పిల్లర్. పైనుంచి చూడగలిగితే ఇలాంటి గని కొత్తగా వేసిన ప్లాట్ల లేఅవుటులా ఉంటుంది. వీధులు, అడ్డవీధులు, వాటి మధ్య చదరపు స్థలాలు. వీధులు తవ్విన దారులు, స్థలాలు తవ్వకుండా వదిలిన బొగ్గు స్తంభాలు. నిబంధనల ప్రకారం వీధి 4.8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు దాటకూడదు. లోతు పెరిగేకొద్దీ స్తంభాల కొలతలు పెరగాలి. మొదటి విడతలో చేతికొచ్చేది ఉన్న బొగ్గులో పావో, ఇంకొంచెమో. తక్కినదంతా పైకప్పుకి కూలి.

స్తంభాలు మహాభారాన్ని మోస్తాయి గానీ వీధి మీద నేరుగా వేలాడే రెండు మూడు మీటర్ల మందం బండను మోయలేవు. ఎన్నో ప్రాణాలు తీసింది ఆ కాస్త మందమే. అది పూతరేకులా పలచని పొరల దొంతర. పొరలు విడిపోతే ఒక్కొక్కటే ఊడి పడతాయి. షిఫ్టు మొదలవగానే భద్రత చూసే సర్దార్ కడ్డీతో కప్పును తట్టుకుంటూ పోతాడు. కుండ కొనేటప్పుడు మనం వేళ్లతో తట్టి చూడమూ, అదే పరీక్ష. ఖంగుమంటే మంచిది. డబ్బుమని బొంగురుగా పలికితే లోపల పొర విడిందని అర్థం. అక్కడ ముందు కప్పు సంగతి చూశాకే బొగ్గు సంగతి.

వెనకటి రోజుల్లో కప్పుకింద దుంగలు నిలబెట్టేవారు. ఇనుప స్తంభాలు వచ్చాక కూడా పాతకాపులకి దుంగ మీదే గురి ఉండేది. బరువు ఎక్కువైతే ఇనుము చప్పుడు చేయకుండా వంగుతుంది, కర్ర ముందుగా చిటపటమంటుంది. ఆ చప్పుడు విని పరుగెత్తి బతికినవాళ్లున్నారు. ఇప్పుడు కప్పుకి కింద ఊతం పెట్టడం కన్నా కప్పు చేతనే కప్పును మోయించే పద్ధతి వచ్చింది. బండలోకి నిలువుగా రంధ్రం చేసి, సిమెంటు గుళికలు కూరి, ఉక్కు కడ్డీ దిగ్గొడతారు. దీన్ని రూఫ్ బోల్ట్ అంటారు. విడి కాగితాల దొంతరను రెండు కొసలా పట్టుకుంటే మధ్యలో జారిపోతుంది. అవే కాగితాల్ని కుట్టి, అంటించి అట్ట చేస్తే నిటారుగా నిలబడుతుంది. బోల్టు చేసేది ఆ కుట్టుపనే.

వదిలిన స్తంభాల్ని ఊరికే వదిలెయ్యరు. వాటిని తీయడంలోనే గని నేర్పంతా ఉంది. ఇల్లు అలికే ఇల్లాలు లోపలి మూల నుంచి మొదలుపెట్టి గుమ్మం వైపు వెనక్కి జరుగుతూ వస్తుంది. అలాగే గని చివరి కొస నుంచి ఒక్కొక్క స్తంభమే తీసుకుంటూ వెనక్కి వస్తారు. వెనక వదిలిన చోట కప్పు కూలనిస్తారు. కూలిన ఆ భాగాన్ని గోఫ్ అంటారు. వినడానికి విచిత్రంగా ఉంటుంది గానీ, గోఫ్ ఎప్పటికప్పుడు కూలుతుంటేనే కార్మికులకి నిశ్చింత. కూలకుండా మొండికేసి వేలాడిందంటే దాని బరువంతా పనిచేసే చోటి స్తంభాల మీదికి వస్తుంది. తర్వాత ఒక్కసారిగా పడితే అక్కడి గాలి తుపానులా వీధుల్లోకి తన్నుకొస్తుంది.

రామగుండం ప్రాంతంలోని అడ్రియాల గనిలో ఇదే సూత్రం యంత్రాల చేతుల్లో నడుస్తుంది. లాంగ్‌వాల్ అనే ఆ పద్ధతిలో పావు కిలోమీటరు పొడవున బొగ్గు గోడ ఉంటుంది. పళ్ల చక్రాల యంత్రం దాని వెంట అటూ ఇటూ తిరుగుతూ బొగ్గును చెక్కుతుంది. మనుషుల నెత్తిన హైడ్రాలిక్ కాళ్ల మీద నిలబడ్డ ఉక్కు కప్పు ఉంటుంది. ఒక వరస బొగ్గు చెక్కగానే ఆ ఉక్కు కప్పు తనంతట తాను ఒక అడుగు ముందుకి వేస్తుంది, వెనక బండ కూలుతుంది. తట్టా పారతో బొగ్గెత్తి టబ్బులు నింపిన తరానికీ దీనికీ పోలికే లేదు. అయినా కప్పు సంగతి చూసుకునే బొగ్గు మీద చెయ్యి వెయ్యాలన్న నియమం మారలేదు.

నీరు ఊరుతుంది

బొగ్గు మీద పరిచి ఉన్న ఇసుకరాయి చూడటానికి గట్టిదే గానీ లోపల సన్నటి రంధ్రాల జల్లెడ. వానలూ వాగులూ ఇంకిన నీళ్లు అందులో నిండి ఉంటాయి. కింద ఖాళీ దొరకగానే కారడం మొదలుపెడతాయి. అందుకే గనిలో పల్లపు చోట సంపులు కట్టి, పగలూ రాత్రీ పంపులు నడుపుతారు. పండగకి తవ్వకం ఆగుతుంది, పంపు ఆగదు.

ఆవిరి యంత్రం పుట్టింది కూడా ఈ తంటా వల్లే. 1712లో థామస్ న్యూకొమెన్ ఇంగ్లండులో నిలబెట్టిన యంత్రం చేసిన పని గనిలోంచి నీళ్లు తోడటం. తర్వాత జేమ్స్ వాట్ దాన్ని మెరుగుపరిచాడు, ఇంకొందరు దానికి చక్రాలు తగిలించారు. బాయిలో నీళ్లు తోడటానికి పుట్టిన యంత్రం రైలై, బొగ్గు మోసుకుపోవడానికి బాయి దగ్గరికే వచ్చింది.

ఊరే నీటితో అంత భయం లేదు, నిలవ నీటితోనే. పని అయిపోయి వదిలేసిన పాత గనిలో ఏళ్ల తరబడి నీళ్లు నిండుతాయి. దాని పక్కనో కిందో కొత్త గని నడుస్తుంటే రెండింటి మధ్య ఉన్నది ఒక బొగ్గు గోడ. అది తెగితే చెరువు కట్ట తెగినట్టే. ఇప్పుడు జార్ఖండ్‌లో ఉన్న చస్నాలాలో 1975 డిసెంబరు 27న పాత తవ్వకాల్లో నిలిచిన నీరు కింద పనిచేస్తున్న వాళ్ల మీద విరుచుకుపడి 375 మంది చనిపోయారు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లు ముంచెత్తి 17 మంది ప్రాణాలు పోయాయి.

నీళ్లున్న పాత తవ్వకాలకి 60 మీటర్ల లోపుకి వెళ్లాలంటే గనుల భద్రతా శాఖ అనుమతి ఉండాలని నిబంధన. అనుమతి వచ్చినా ముందుగా సన్నటి బోర్లు వేసి, అవతల ఏముందో తడిమి చూస్తూ పోవాలి. మరి ఆ 60 మీటర్లు ఎక్కణ్నించి కొలవాలి? పాత మ్యాపు నుంచి. ఎన్నో ఏళ్ల కిందట ఒక సర్వేయరు గీసిన గీత అడుగు తప్పితే ఇవాళ్టి షిఫ్టు దాని మీద ప్రాణాలు పెట్టి నడవాలి. మూసేసిన గని మ్యాపును కూడా భద్రంగా దాచాలన్న చట్టం అందుకే.

గాలి ఆడాలి

పాడుబడిన బావిలోకి లాంతరు దించడం వెనక సూత్రం తేలికైనది. లోపల కుళ్లిన ఆకుల వల్ల బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. అది గాలి కన్నా బరువు, అడుగున పేరుకుంటుంది. ప్రాణవాయువు తగ్గిన చోట దీపం ఆరిపోతుంది. దీపం బతకని చోట మనిషి దిగకూడదు.

గనిలో ఈ దీపం ఒక చిక్కు తెచ్చింది. అక్కడ ఉన్నది బొగ్గుపులుసు వాయువు ఒక్కటే కాదు. చెట్లు బొగ్గుగా మారేటప్పుడు పుట్టిన మీథేన్ ఆ బొగ్గులోనే ఇరుక్కుని ఉంటుంది. కొట్టగానే బయటపడుతుంది. గాలి కన్నా తేలిక కాబట్టి కప్పు కింద చేరుతుంది. గాలిలో దాని వంతు 5 శాతం దాటి 15 శాతం లోపు ఉంటే నిప్పురవ్వ చాలు, పేలుతుంది. మరి దీపం లేకుండా చీకట్లో పనెలా? 1815లో హంఫ్రీ డేవీ ఉపాయం కనిపెట్టాడు. మంట చుట్టూ సన్నటి లోహపు జాలీ కట్టాడు. మంట వేడిని జాలీ తీగలు పీల్చేసుకుంటాయి, బయటి మీథేన్ అంటుకునేంత వేడి జాలీ దాటి పోదు. పైగా మీథేన్ ఉన్న చోట ఆ మంట మీద లేత నీలి టోపీ కనబడుతుంది. టోపీ ఎత్తును బట్టి మీథేన్ పాలు చెప్పొచ్చు. ఆరిపోతే అడుగున చెడ్డగాలి ఉందని తెలుస్తుంది. ఒక్క దీపం రెండు వాయువుల సంగతి చెప్పేది. వెలుతురు పని తర్వాత తలకి కట్టుకునే బ్యాటరీ దీపం తీసుకుంది. షిఫ్టు ముందు ల్యాంప్ రూములో నంబరు ప్రకారం తీసుకున్న ఆ దీపం సాయంత్రం గూటికి చేరకపోతే మనిషి ఇంకా లోపలే ఉన్నాడన్నమాట.

వాయువుని కనిపెట్టడం కన్నా దాన్ని పేరుకోనివ్వకపోవడం ముఖ్యం. అందుకు గని ఊపిరి పీల్చాలి. ఒక దారిలో గాలి లోపలికి పోతుంది, మరో దారి మూతి దగ్గర బిగించిన పెద్ద ఫ్యాను దాన్ని బయటికి లాగుతుంది. మధ్యలో తలుపులూ అడ్డుగోడలూ పెట్టి, గాలి అడ్డదారిన పారిపోకుండా ప్రతి వీధికీ మళ్లిస్తారు. పొలంలో మడవలు కట్టి నీళ్లు మళ్లించడం తెలిసిన రైతు ఈ పటం చూస్తే వెంటనే పోల్చుకుంటాడు. ఇవన్నీ చూస్తే గనికి రెండు దారులు తప్పవని తెలుస్తుంది. ఆ సంగతి చట్టంలోకి ఎక్కడానికి మాత్రం 204 ప్రాణాలు ఖర్చయ్యాయి. 1862 జనవరిలో ఇంగ్లండులోని హార్ట్‌లీ గనిలో నీళ్లు తోడే యంత్రపు దూలం విరిగి, ఉన్న ఒక్క షాఫ్టులో పడి దారి మూసేసింది. లోపలివాళ్లు ఊపిరాడక చనిపోయారు. అదే ఏడు రెండు దారులుండాలన్న చట్టం వచ్చింది. మన నిబంధనల్లోనూ అది ఉంది.

బొగ్గుకి మరో గుణం ఉంది. అది గాలిలోని ప్రాణవాయువును మెల్లగా పీల్చుకుంటూ వేడెక్కుతుంది. గాలి బాగా ఆడితే వేడి పోతుంది, అసలు ఆడకపోతే వేడి పుట్టదు. గోఫ్‌లో మిగిలిన పొడిబొగ్గుకి గాలి అరకొరగా తగిలితే ఎవరూ నిప్పు పెట్టకుండానే రాజుకుంటుంది. అందుకే పనిచేసే చోటికి ధారాళంగా గాలి పంపుతూనే, పని ముగిసిన చోటికి చుక్క గాలి కూడా దూరకుండా గోడలు కట్టేస్తారు.

కప్పే తీసేస్తే?

బండతో, నీటితో, గాలితో ఇంత పోరు ఎందుకు, అసలు కప్పే లేకుండా చేస్తే పోదా? ఓపెన్‌కాస్ట్ గని ఈ ప్రశ్నకి జవాబు. సింగరేణిలో 1970లలో మొదలైన ఈ పద్ధతి ఇప్పుడు మొత్తం ఉత్పత్తిలో సింహభాగం ఇస్తోంది. 2023-24లో సింగరేణి తీసిన బొగ్గు సుమారు 7 కోట్ల టన్నులు. ఒకప్పుడు లక్ష దాటిన కార్మికుల సంఖ్య ఇప్పుడు సుమారు 40 వేలు. బాయి దిగేవాళ్లు తగ్గారు, డంపర్లు పెరిగాయి.

పద్ధతి చెప్పడానికి సులువు. మెట్లు మెట్లుగా దిగుతూ, బండలో రంధ్రాలు చేసి మందు కూరి పేలుస్తారు. షవెల్ ఎత్తి డంపర్లో పోస్తుంది. బొగ్గు పైనున్న ఈ రాయినీ మట్టినీ ఓబీ అంటారు. సింగరేణిలో ఒక టన్ను బొగ్గు కోసం దాదాపు 6 ఘనపు మీటర్ల ఓబీ తీయాలి. అంటే పది టన్నులకి పైగా రాయి కదిపితే ఒక టన్ను బొగ్గు. నిజానికి అది రాతిగని, బొగ్గు అందులో అడుగున దొరికే సరుకు. మెట్లు కూడా ఊరికే కట్టరు. గోడ నిటారుగా ఉంటే జారుతుంది, బాగా ఏటవాలుగా ఉంటే అనవసరంగా ఎంతో రాయి తీయాలి. బావి గట్టు జారే చిక్కు మాయం కాలేదు, కప్పు మీంచి పక్కకి జరిగింది.

ఇక్కడొక లెక్క ఉంది. గుంజ పాతడానికి గుంత తవ్వి, గుంజ పాతకుండానే ఆ మట్టి తిరిగి పోస్తే గుంతలో పట్టదు, కొంత మిగులుతుంది. పగిలిన రాయి, తవ్విన మట్టి మధ్య గాలి చేరి ఉబ్బుతాయి. ఒక టన్ను బొగ్గు ఆక్రమించే చోటు ముప్పావు ఘనపు మీటరుకు లోపే. దానిమీది 6 ఘనపు మీటర్ల రాయి పగిలాక ఆరో వంతు ఉబ్బినా 7 అవుతుంది. అంటే బొగ్గు తీసేశాక కూడా ఆ రాయంతా తిరిగి పోస్తే గుంత నిండిపోవాలి. కానీ సింగరేణి ఊళ్లలో ఒక పక్క మట్టి గుట్టలు, ఇంకో పక్క నిండని అగాధాలు కనబడతాయి. కారణం వరస. మొదట తవ్విన మట్టిని పోయడానికి గుంతలో చోటుండదు, బయట గుట్ట వేస్తారు. పని ముందుకి సాగాక మట్టిని వెనక ఖాళీలోనే నింపుకుంటూ పోతారు. చివరికి వచ్చేసరికి ఆఖరి కోత నింపడానికి మట్టి ఎక్కడో దూరాన గుట్ట మీద ఉంటుంది. దాన్ని తిరిగి మోసుకురావడానికి డీజిలు కావాలి, బదులుగా బొగ్గు రాదు.

ఆ గుంత ఊరిదీ, పొలాలదీ. దానిలోకి చుట్టుపక్కల నీళ్లన్నీ దిగుతాయి, ఊళ్లో బావులు వట్టిపోతాయి. మధ్యాహ్నం బ్లాస్టింగుకి ఇళ్ల గోడలు అదురుతాయి. భూగర్భ గనిలో ఖాళీ భారాన్ని కింద పనిచేసేవాడు మోసేవాడు. ఓపెన్‌కాస్ట్‌లో అది పైన బతికేవాళ్ల మీదికి వచ్చింది.

గ్రాముల కోసం టన్నులు

బొగ్గు పొరంతా బొగ్గే. లోహాల సంగతి వేరు. కోలార్ బంగారు గనుల్లో తొలిరోజుల్లో టన్ను రాతికి 40 గ్రాములకు పైగా బంగారం దొరికేది. చివరికి మూడు నాలుగు గ్రాములకి పడిపోయింది. తమిళులతోపాటు మన చిత్తూరు వైపు తెలుగువాళ్లూ పనిచేసిన ఆ గనుల్లో చాంపియన్ రీఫ్ 3 కిలోమీటర్లు దాటి దిగింది. ఆ లోతున రాయి వేడి 60 డిగ్రీలు మించుతుంది, గాలిని చల్లబరిచి పంపాలి. అక్కడ బండ కూలడం కాదు, బిగుసుకున్న రాయి ఒత్తిడి తాళలేక పేలేది. 2001లో గనులు మూతపడ్డాయి. బంగారం తీసి పారబోసిన రాతిపిండి గుట్టలు మాత్రం ఊరి మధ్య నిలిచాయి. ఆ ఖాళీ ఒక మంచి పనికీ వచ్చింది. 1965లో అక్కడే, 2 కిలోమీటర్లకు పైగా లోతున, వాతావరణంలో పుట్టే న్యూట్రినోలనే కణాల జాడ పట్టుకున్నారు. పైనున్న బండ తక్కిన కణాలన్నింటినీ వడగట్టడమే అందుకు కలిసొచ్చింది.

తవ్వి తీసిన రాయిలోంచి లోహాన్ని విడదీయడం మరో కథ, దాన్ని రాయే నడిపిస్తుంది. మామూలుగా యురేనియాన్ని ఆమ్లంతో కరిగించి లాగుతారు. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం సున్నపురాయి జాతి రాతిలో ఉంది. ఆమ్లం పోస్తే ఆ రాయే పొంగి ఆమ్లాన్నంతా తాగేస్తుంది. అందుకే అక్కడ క్షారంతో, ఒత్తిడి పెట్టి కరిగిస్తారు. రైల్వే కోడూరు దగ్గరి మంగంపేట ముగ్గురాయిదీ విచిత్రమైన దారే. రంగు లేదు, మెరుపు లేదు, ఉన్నదల్లా బరువు, నీటికి నాలుగు రెట్లు పైన. ప్రపంచంలోనే పెద్దదైన ఆ నిక్షేపంలో తవ్విన రాయి పొడిగా మారి చమురు బావుల్లో పోసే బురదలో కలుస్తుంది. అడుగు నుంచి చమురూ వాయువూ ఎగదన్నకుండా తన బరువుతో అదిమి పెడుతుంది. ఒక చోట తవ్విన రాయి మరో చోట తవ్విన బావిని కాపాడుతుంది.

మళ్లీ బావి

బొగ్గంతా తీశాక ఖాళీని ఏంచేయాలి? ఒక దారి, కూలనివ్వడం. అప్పుడు పైన నేల కుంగుతుంది, అడవీ చేనూ పగుళ్లు వేస్తాయి. రెండో దారి, నింపడం. పైన ఊరో చెరువో రైలు పట్టాలో ఉన్నచోట గోదావరి ఇసుకను నీళ్లతో కలిపి గొట్టాల్లో లోపలికి పంపేవారు. నీళ్లు పక్కకి కారిపోయి ఇసుక గట్టిపడేది, నీళ్లని మళ్లీ పంపుతో పైకి తోడేవారు. నదిలో ఇసుకకి కరువొచ్చాక ఓబీ మట్టిలోంచే ఇసుకను వేరుచేసి వాడటం మొదలైంది. గుట్టగా పోసినదాన్ని తెచ్చి గుంతలో పోయడమే ఇది, ఆలస్యంగానైనా.

మూడో దారికి మనం చేయాల్సింది ఏమీ లేదు. ఒకరోజు ఆఖరి షిఫ్టు పైకి వస్తుంది. ల్యాంప్ రూములో దీపాలన్నీ గూళ్లకి చేరతాయి. ఫ్యాను ఆపుతారు. కొన్నాళ్లకి పంపులూ ఆపుతారు. ఏళ్ల తరబడి తోడిపోసిన నీరు తన పాత మట్టం వెతుక్కుంటూ ఇంక్లైన్ మెట్లు ఒక్కొక్కటే ఎక్కి వస్తుంది. వీధులు, అడ్డవీధులు, స్తంభాలు, సర్దార్ తట్టి చూసిన కప్పు, అన్నీ మునుగుతాయి. ఓపెన్‌కాస్ట్ అయితే పైకే కనబడే చెరువవుతుంది. తొలితరం వాళ్లు పెట్టిన పేరు అప్పటికి అక్షరాలా నిజమవుతుంది. బాయి మళ్లీ బావి అవుతుంది. దానికి పకడ్బందీగా గట్టు కట్టి, పక్కన తవ్వబోయేవాళ్ల కోసం మ్యాపు దాచిపెట్టి వెళ్లడం, తవ్వుకున్నవాళ్లకి మిగిలే ఆఖరి పని.